రూపం ఇటుకలలోనా, చూపులోనా? – గెస్టాల్ట్ మనోవిజ్ఞానపు తాత్త్విక మూలాలు, దిఙ్నాగుని ప్రశ్న

బౌద్ధ దర్శనాన్ని ఆధునిక మనోవిజ్ఞానంతో పోల్చే రచనలలోను, ఉపన్యాసాలలోను ఒక అభిప్రాయం దాదాపు సిద్ధాంతంగా స్థిరపడింది. భాగాల మొత్తం కంటె సమగ్రం అధికమని జర్మనీలోని గెస్టాల్ట్ మనోవిజ్ఞానులు ఇరవయ్యవ శతాబ్దంలో నిరూపించారనీ, ప్రతీత్యసముత్పాదం చెప్పినదీ అదేననీ, కనుక తథాగతుని మాటకు మెదడు శాస్త్రం ముద్ర వేసిందనీ ఆ అభిప్రాయ సారాంశం. ఈ మూడు మాటలలో మొదటిది అసమగ్రం, రెండవది దోషయుక్తం, మూడవది ప్రమాదకరం. గెస్టాల్ట్ వాదం ఏ తాత్త్విక భూమికలోనుంచి పుట్టిందో, మనసుకూ మెదడుకూ అది కల్పించిన సంబంధం ఏమిటో, ఆ సంబంధం తరువాత ఏమైందో పరిశీలిస్తే తప్ప ఈ పోలికకు విలువ కట్టడం సాధ్యం కాదు. అలా పరిశీలించినప్పుడు పోలిక పూర్తిగా కూలిపోదు. ప్రచారంలో ఉన్న చోట కాక వేరొక చోట నిలబడుతుంది. ఆ చోటు తెలుగు నేలతో సంబంధం ఉన్న ఒక ఆచార్యుని చిన్న గ్రంథం కావడం గమనార్హం.

ప్రశ్నను ముందుగా మట్టి మీదనే నిలుపుకోవచ్చు. భిలాయి ఉక్కు పట్టణానికి తూర్పుగా దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలో, మహానది ఒడ్డున, ప్రాచీన దక్షిణ కోసలానికి చెందిన సిర్పూర్ ఉంది. 1950లలో ఎం.జి. దీక్షిత్ జరిపిన తవ్వకాలలో అక్కడ రెండు ఇటుక విహారాలు బయటపడ్డాయి. ఒకటి ఆనందప్రభుడనే భిక్షువు పేరుతో, పాండువంశీయుడైన మహాశివగుప్త బాలార్జునుని కాలానికి చెందినది. రెండవదానిని స్వస్తిక విహారమంటారు. దాని పునాదుల నక్షా స్వస్తికాన్ని పోలి ఉండడమే ఆ పేరుకు కారణం. అయితే ఆ విహారంలో నివసించిన భిక్షువులకు స్వస్తికం కనబడి ఉండదు. వారికి కనబడినవి గదులు, స్తంభాలు, మధ్యనున్న మండపం, గర్భగృహంలోని బుద్ధమూర్తి. పైకప్పు పోయి గోడలు మొదళ్ల దాకా అరిగిన తరువాత, పైనుంచి చూసినట్లుగా గీసిన నక్షాలో మాత్రమే స్వస్తికం ప్రత్యక్షమైంది. ఇటుకలు అవే, వాటి అమరికా అదే. మరి స్వస్తికం ఎక్కడిది? ఇటుకలలో ఉందా, చూపులో ఉందా, లేక ఆ రెండింటి నడుమ పుట్టిందా? గెస్టాల్ట్ వాదమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దిఙ్నాగుని ఆలంబనపరీక్షలోని కీలకమైన తర్కమూ దీని మీదనే ఆధారపడింది.

బ్రెంటానో నుంచి బెర్లిన్ వరకు

గెస్టాల్ట్ అనే జర్మన్ మాటకు ఆకృతి, రూపం, సంస్థానం అని అర్థాలు. ఈ వాదాన్ని మెదడు మీద ప్రయోగాలు చేసిన వారు కనిపెట్టారని అనుకోవడం పొరపాటు. దీని వేళ్లు తత్త్వశాస్త్రంలో ఉన్నాయి. 1874లో ఫ్రాంజ్ బ్రెంటానో తన మనోవిజ్ఞాన గ్రంథంలో, ప్రతి మానసిక వ్యాపారమూ ఏదో ఒక విషయాన్ని ఉద్దేశించే ఉంటుందని ప్రతిపాదించాడు. విషయం లేని విజ్ఞానం లేదన్న ఈ మాట బౌద్ధ పాఠకులకు కొత్తది కాదు. కాని బ్రెంటానో దానిని అరిస్టాటిల్ నుంచి, మధ్యయుగపు క్రైస్తవ తార్కికుల నుంచి గ్రహించాడు. మనసులో జరిగేదానిని ముందు యథాతథంగా వర్ణించాలి, కారణాన్వేషణ ఆ తరువాతిదన్న క్రమశిక్షణ కూడ ఆయనదే. ఆయన శిష్యుడు కార్ల్ ష్టుంఫ్ 1894లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. గెస్టాల్ట్ త్రయంలోని వోల్ఫ్‌గాంగ్ కోలర్, కుర్ట్ కోఫ్కా ఇద్దరూ ష్టుంఫ్ వద్దనే డాక్టరేట్ చేశారు. మూడవవాడైన మాక్స్ వర్ట్‌హైమర్ కూడ ప్రాగ్‌లో ఎరెన్‌ఫెల్స్ వద్ద, బెర్లిన్‌లో ష్టుంఫ్ వద్ద చదివినవాడే. ష్టుంఫ్‌కు అంకితమైన హుసెర్ల్ తార్కిక పరిశోధనలలో, 1900–1901లో, సమగ్రానికీ భాగాలకూ గల సంబంధం ఒక పూర్తి ప్రకరణంగా చర్చకు వచ్చింది. అంటే బెర్లిన్ ప్రయోగశాలకు ముందే ఈ సమస్య తత్త్వవేత్తల బల్ల మీద ఉంది.

రెండవ పాయ ఎర్న్‌స్ట్ మాఖ్ నుంచి వచ్చింది. 1886లో వెలువడిన సంవేదనల విశ్లేషణలో మాఖ్ లోకాన్ని సంవేదనల సముదాయంగా విడదీశాడు. కాని రంగు మారినా చతురస్రం చతురస్రంగానే కనబడడం, స్వరస్థాయి మారినా రాగం అదేనని గుర్తుపట్టగలగడం ఆయనకు చిక్కు ప్రశ్నలయ్యాయి. స్థలానికీ కాలానికీ చెందిన ఆకృతులకు కూడ ప్రత్యేకమైన సంవేదనలు ఉన్నాయని చెప్పి ఆయన ఆగిపోయాడు. 1890లో క్రిస్టియన్ ఫాన్ ఎరెన్‌ఫెల్స్ ఆ చిక్కును పదునైన తర్కంగా మార్చాడు. ఒక పాటను శ్రుతి మార్చి పాడితే స్వరాలన్నీ మారిపోతాయి, పాట మాత్రం మారదు. అవే స్వరాలను తారుమారు చేస్తే స్వరాలు అవే ఉంటాయి, పాట ఉండదు. కనుక పాట స్వరాల మొత్తం కాదు. స్వరాలకు పైన 'ఆకృతి గుణం' అనే మరొక అంశం ఉన్నది. ఇది ఎరెన్‌ఫెల్స్ నిర్ణయం.

ఇక్కడ పాయ రెండుగా చీలింది. గ్రాజ్ నగరంలో మైనాంగ్, బెనుస్సి మొదలైనవారు సంవేదనలు ముందు విడివిడిగా వస్తాయనీ, వాటిపై బుద్ధి తన వ్యాపారంతో ఆకృతిని నిర్మిస్తుందనీ చెప్పారు. బెర్లిన్ వర్గం దీనిని నిరాకరించింది. 1912లో వర్ట్‌హైమర్ ప్రకటించిన చలన పరిశోధన ఆ నిరాకరణకు మొదటి బలమైన సాక్ష్యం. రెండు గీతలను ఒకదాని తరువాత ఒకటిగా చూపినప్పుడు నడుమ విరామం సుమారు 30 మిల్లీసెకన్లయితే రెండూ ఒకేసారి కనబడతాయి. 200 మిల్లీసెకన్లయితే ఒకటి పోయి మరొకటి వచ్చినట్లు కనబడతాయి. 60 మిల్లీసెకన్ల దగ్గర ఒకే గీత ఇటునుంచి అటు కదిలినట్లు కనబడుతుంది. కొన్ని సందర్భాలలో కదిలే వస్తువు ఏదీ లేకుండానే శుద్ధమైన కదలిక మాత్రమే కనబడుతుంది. ఈ ప్రయోగాలకు కోలర్, కోఫ్కాలే ద్రష్టలుగా కూర్చున్నారు. చూసినవాడు ముందు రెండు గీతలను చూసి, పిమ్మట కదలికను ఊహించుకోవడం లేదు. కదలికనే సూటిగా చూస్తున్నాడు. ఆకృతి బుద్ధి జోడించేది కాదు, అనుభవంలో మొదటే ఉన్నదన్నది బెర్లిన్ వాదం. కోఫ్కా 1935 నాటి గ్రంథంలో సమగ్రం భాగాల మొత్తం కంటె అధికమని అనలేదు. భాగాల మొత్తం కంటె వేరైనదని అన్నాడు. కూడిక అన్న ఆలోచనే అక్కడ వర్తించదని ఆయన ఉద్దేశం. ప్రచారంలోని వాక్యం ఈ తేడాను తుడిచివేస్తుంది.

కుండ, మూకుడు

ఇప్పుడు బౌద్ధపక్షం. హ్యూయాన్‌త్సాంగ్ ఏడవ శతాబ్దంలో కళింగం నుంచి కోసలానికి, కోసలం నుంచి ఆంధ్రదేశానికి, అక్కడి నుంచి ధాన్యకటకానికి ప్రయాణించాడు. వేంగి సమీపాన దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని రచించిన స్థలాన్ని ఆయన పేర్కొన్నాడు. దిఙ్నాగుని ఆలంబనపరీక్షను చీనా భాషలోనికి అనువదించిన వారిలో ఆయనా ఒకడు. సంస్కృత మూలం లభించని ఈ గ్రంథాన్ని టిబెటన్, చీనా అనువాదాల ఆధారంగా ఎన్. అయ్యస్వామి శాస్త్రి పునర్నిర్మించగా 1942లో అడయారు గ్రంథాలయం ప్రచురించింది.

జ్ఞానానికి ఆలంబనం కావాలంటే ఒక వస్తువుకు రెండు యోగ్యతలు ఉండాలని దిఙ్నాగుడు షరతు పెట్టాడు. అది జ్ఞానానికి కారణం కావాలి. జ్ఞానంలో భాసించే ఆకారం దానికి ఉండాలి. పరమాణువులు కారణం కావచ్చు, కాని జ్ఞానంలో పరమాణువుల ఆకారం భాసించదు. పరమాణు సముదాయపు ఆకారం భాసిస్తుంది, కాని సముదాయమన్నది ద్రవ్యసత్తు కాదు కనుక కారణం కాజాలదు. కంటిదోషం వల్ల కనబడే రెండవ చంద్రుని వంటిది. పరమాణువులకే సముదాయాకారం ఉన్నదనే మూడవ పక్షానికి ఆయన ఇచ్చిన సమాధానంలో కుండ, మూకుడు ప్రవేశిస్తాయి. రెండూ మట్టివే, రెండింటి పరమాణువులూ ఒకే తీరువే. మరి కుండ కుండగాను, మూకుడు మూకుడుగాను ఎందుకు కనబడతాయి? ఆకృతి భేదం వల్లనంటే ఆ భేదం పరమాణువులలో లేదు, ఎందుకంటే పరమాణువుల పరిమాణంలో తేడా లేదు. కనుక ఆకృతి సంవృతిసత్తులలోనే ఉన్నది, పరమార్థంలో లేదు.

ఎరెన్‌ఫెల్స్ పాటకూ దిఙ్నాగుని కుండకూ తర్కంలోని మొదటి మెట్టు ఒక్కటే: అంశాలు సమానమైనా ఆకృతి భిన్నం కాగలదు, కనుక ఆకృతి అంశాలలో లేదు. రెండవ మెట్టులో ఇద్దరూ విడిపోతారు. అంశాలలో లేదు కనుక ఆకృతి అదనంగా ఉన్నదని ఎరెన్‌ఫెల్స్ నిర్ణయిస్తాడు. అంశాలలో లేదు కనుక ఆకృతికి పారమార్థిక సత్త లేదని దిఙ్నాగుడు నిర్ణయిస్తాడు. ఒకే సాక్ష్యం నుంచి విరుద్ధమైన తీర్పులు వెలువడుతున్నాయంటే భేదం సాక్ష్యంలో లేదు, సత్త అనే మాటకు ఇద్దరూ పెట్టుకున్న ప్రమాణంలో ఉంది. అందుచేత గెస్టాల్ట్ వాదం బౌద్ధానికి నిరూపణ అనడం సరికాదు. ఈ మెట్టు వద్ద ఎరెన్‌ఫెల్స్ న్యాయ వైశేషికుల అవయవి పక్షానికే దగ్గర.

ప్రత్యక్ష విచారంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ప్రత్యక్షం కల్పనారహితమని దిఙ్నాగుని లక్షణం. నామ జాత్యాదులను జోడించడం కల్పన. దీనినిబట్టి విడి అంశాలు ప్రత్యక్షం, ఏకత్వం కల్పన అని తేల్చితే దిఙ్నాగుడు గ్రాజ్ వర్గానికి దగ్గరగా, బెర్లిన్ వర్గానికి ఎదురుగా నిలుస్తాడు. కాని ఇంద్రియ విజ్ఞానాలు పరమాణు సంచయాన్ని ఆశ్రయించి కలుగుతాయన్న అభిధర్మ మతాన్ని కూడ ఆయన ప్రమాణసముచ్చయంలో సమర్థించవలసి వచ్చింది. సంచయం భాసించినప్పుడు అది ప్రత్యక్షమా, కల్పనా? ఈ ప్రశ్న సంప్రదాయంలోనే రగిలింది. నానావర్ణాల సీతాకోకచిలుక రెక్కను చూసినప్పుడు జ్ఞానం ఒకటా, అనేకమా అన్న చర్చను ధర్మకీర్తి ప్రమాణవార్తికంలో విస్తరించాడు. ప్రజ్ఞాకరగుప్తుడు, అనంతరం పదకొండవ శతాబ్దంలో విక్రమశిలకు చెందిన జ్ఞానశ్రీమిత్రుడు, రత్నకీర్తి చిత్రాద్వైతమనే నిర్ణయానికి వచ్చారు. చిత్రమైన జ్ఞానం చిత్రంగానే ఒకటి. దానిని రంగులుగా విడదీయడమే తరువాత జరిగే కల్పన. వర్ణన స్థాయిలో బెర్లిన్ వాదానికి బౌద్ధంలో నిజమైన సోదరుడు ఎవరైనా ఉంటే అది ఈ చిత్రాద్వైతమే. ప్రచారంలోని పోలికలు ప్రతీత్యసముత్పాదం దగ్గర ఆగిపోయి ఈ గ్రంథాలను తెరవకపోవడం విచారకరం.

వర్ట్‌హైమర్ ప్రయోగానికి భారతీయ దృష్టాంతం అలాతచక్రం. కొరివిని వేగంగా తిప్పితే నిప్పుల వలయం కనబడుతుంది. జ్ఞానాలు నిజానికి క్రమంగా కలిగినా వేగంవల్ల ఒకేసారి కలిగినట్లు తోస్తాయని చెప్పడానికి న్యాయసూత్రాలు దీనిని వాడుకున్నాయి. శాంతరక్షితుని తత్త్వసంగ్రహం ఈ వేగవాదాన్ని ప్రశ్నించింది. లతా, తాల అన్న రెండు మాటలను వినేటప్పుడు కూడ అక్షర జ్ఞానాలు అతివేగంగానే సాగుతున్నాయి. మరి అక్కడ ఏకకాల భ్రాంతి ఎందుకు కలగదు? ఆ రెండు మాటలలో ఉన్నవి దాదాపు అవే ధ్వనులు, క్రమం మాత్రమే వేరు. ఆ క్రమం స్పష్టంగా తెలుస్తున్నది కనుకనే ఒకటి తీగ, మరొకటి తాటిచెట్టు. వేగం ఒక్కటే ఏకత్వాన్ని కలిగించలేదన్న ఈ అభ్యంతరం, విడి సంవేదనల పరుగుతో అనుభవాన్ని వివరించే ఏ సిద్ధాంతానికైనా తగులుతుంది. పన్నెండు శతాబ్దాల నాటి ఈ వాదం గెస్టాల్ట్ పాఠ్యగ్రంథాలలో చోటు పొందదగినది. అయితే దాని గౌరవం అది ఆధునికులకు ముందే పుట్టినందువల్ల కాక, తర్కంగా నిలబడినందువల్ల వస్తుంది.

కొలిమి, మెదడు

మనసుకూ మెదడుకూ గల సంబంధం విషయంలో గెస్టాల్ట్ వాదపు వంశావళి వేరు. ఒకే తత్త్వానికి ఆలోచన, విస్తారం అనే రెండు ముఖాలున్నాయన్న స్పినోజా మతం జర్మన్ చింతనలో లోతుగా నాటుకుంది. 1860లో ఫెక్నర్ మనోభౌతిక శాస్త్రాన్ని స్థాపించినప్పుడు దాని వెనుక ఉన్నది ఆ ద్విముఖ దృష్టే. మాఖ్, హేరింగ్ దానిని పరిశోధనా సూత్రంగా మలిచారు, 1896లో జి.ఇ. ముల్లర్ మనోభౌతిక స్వీకృత సూత్రాలుగా క్రోడీకరించాడు. సంవేదనలో సామ్యముంటే నాడీప్రక్రియలోనూ సామ్యం ఉంటుంది, భేదముంటే భేదం ఉంటుందని వాటి సారం. వర్ట్‌హైమర్ 1912లోనే, మెదడులో ఉత్తేజితమైన రెండు స్థానాల నడుమ అడ్డంగా పాకే ఒక ప్రక్రియను ఊహించాడు. ప్లాంక్ వద్ద భౌతికశాస్త్రం విన్న కోలర్ 1920 నాటి భౌతికాకృతుల గ్రంథంలో ఇంకొక అడుగు వేశాడు. అనుభవంలోని నిర్మాణమూ, దానికి ఆధారమైన మెదడు ప్రక్రియలోని నిర్మాణమూ ఒకే రూపాన్ని కలిగి ఉంటాయన్నాడు. దీనినే సమరూపత అంటారు. చతురస్రాన్ని చూస్తే మెదడులో చతురస్రం ఏర్పడుతుందని దీని అర్థం కాదు. 'నడుమ ఉండడం', 'పరస్పరం ఆధారపడి ఉండడం' వంటి సంబంధాలు రెండు చోట్లా సమానమని మాత్రమే.

దీనికి కోలర్‌కు కావలసింది, భౌతిక ప్రపంచంలోనే కూడికలు కాని సమగ్రాలున్నాయన్న ఆధారం. సిర్పూర్‌లో ఒక ఇటుక, నాగార్జునకొండలో ఒకటి, సాంచీలో ఒకటి ఉంటే, ఒకదానిని జరిపినందువల్ల తక్కినవాటికి ఏమీ కాదు. అది కేవలం సముదాయం. కాని ఒక లోహవాహకం మీద పరచుకున్న విద్యుదావేశంలో ఒక చోట కొంత తగ్గిస్తే మొత్తమంతా తిరిగి సర్దుకుంటుంది. ఇది భౌతికాకృతి. ప్రవహిస్తూనే స్థిరంగా ఉండే ప్రక్రియలు రెండవ తరగతి. భిలాయిలో 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అటువంటి కొలిమి ఈ తరగతికి తగిన దృష్టాంతం. దల్లీ–రాజహరా గనుల ఖనిజం, కోక్, సున్నపురాయి పైనుంచి దిగుతుంటాయి. వేడివాయువు కిందినుంచి ఎగబాకుతుంటుంది. ద్రవలోహం అడుగున చేరుతుంది. లోపలి పదార్థం ప్రతి గడియా మారిపోతున్నా ఏ ఎత్తున ఎంత వేడి అన్న అమరిక నిలిచి ఉంటుంది. ఒక చోట గాలి తగ్గితే అమరిక అంతటా మారుతుంది. రాత్రంతా వెలిగిన దీపజ్వాల మొదటి జాములోనిదీ చివరి జాములోనిదీ ఒక్కటేనా అని మిలిందునికి నాగసేనుడు వేసిన ప్రశ్న ఈ కొలిమికి అక్షరాలా వర్తిస్తుంది. అదే కాదు, వేరే కాదు అన్న సమాధానమూ వర్తిస్తుంది.

అయినా ఇక్కడా తొందరపాటు తగదు. దీపం ద్వారా నాగసేనుడు చూపింది సంతతిలో స్థిరమైన వస్తువు లేదని. కొలిమి వంటి ప్రక్రియల ద్వారా కోలర్ చూపదలచింది సంతతిలో స్థిరమైన రూపం ఉన్నదని. ఒకరు లేనిదానిని చూపారు, ఒకరు ఉన్నదానిని చూపారు. రెండూ ఏకకాలంలో సత్యం కావచ్చు, కాని ఒకదానికి రెండవది రుజువు కాదు. భాగాన్ని తాకితే సమగ్రం స్పందిస్తుందన్న కోలర్ గీటురాయి కూడ బౌద్ధులది కాదు. ఒక అవయవాన్ని పట్టి లాగితే వస్తువంతా కదులుతుంది, కనుక అవయవి ఉన్నదని వాదించింది న్యాయసూత్రాలు. ఆ హేతువును నైయాయికుడైన వాత్స్యాయనుడే పరీక్షకు పెట్టాడు. లక్కతో అతికించిన కట్టెలు కలిసి కదిలినంత మాత్రాన ఒక వస్తువు కావు. కదలికకు కారణం సంగ్రహమే కావచ్చు, పచ్చికుండలో నీటివల్ల, కాలిన కుండలో నిప్పువల్ల కలిగే బిగువు వంటిది. ఒక సిద్ధాంతంలోని హేతువును ఆ సిద్ధాంతానికి చెందినవాడే ఇలా జల్లెడ పట్టడం నేటి తులనాత్మక రచనలకు ఆదర్శం కావలసిన గుణం.

కోలర్ ఊహ పరీక్షకు నిలిచిందా? దృష్టి సంబంధమైన మెదడు పొరలో విద్యుత్ప్రవాహ క్షేత్రాలే ఆకృతికి ఆధారమని ఆయన 1940లలో ప్రతిపాదించాడు. 1951లో లాష్లీ, ఆయన సహచరులు కోతి మెదడు మీద బంగారు రేకులను పరచి ఆ ప్రవాహాలను దారి తప్పించే ప్రయత్నం చేశారు. 1955లో స్పెర్రీ బృందం పిల్లుల మెదడులో టాంటలం తీగలను, అభ్రకపు పలకలను నాటింది. జంతువుల ఆకృతి జ్ఞానం చెప్పుకోదగినంతగా చెడలేదు. కోలర్ ఆ ప్రయోగాల అన్వయాన్ని ఖండించినా, క్షేత్ర సిద్ధాంతానికి పూర్వపు బలం తిరిగి రాలేదు. గెస్టాల్ట్ వాదులు వర్ణించిన దృగ్విషయాలు మాత్రం నేటికీ పాఠ్యాంశాలే. సామీప్యం, సాదృశ్యం, పూరణ, ఆకృతి–నేపథ్య భేదం ఏవీ చెక్కుచెదరలేదు. కూలినది వివరణ, నిలిచినది వర్ణన.

ప్రచారంలోని పోలిక ఎందుకు ప్రమాదకరమో ఇక్కడ తేటతెల్లమవుతుంది. మెదడు శాస్త్రం ముద్ర వేసిందని ధర్మాన్ని 1920 నాటి ఊహకు కట్టివేసినవారు, 1955 తరువాత ధర్మం కూడ సడలిందని ఒప్పుకోవలసి ఉంటుంది. పైగా బౌద్ధాచార్యులు సమరూపతను అంగీకరించేవారనడానికి ఆధారం లేదు. నిరోధసమాపత్తి నుంచి చిత్తం తిరిగి ఎలా పుడుతుందన్న చర్చలో వసుబంధువు పూర్వాచార్యుల మతాన్ని ఉటంకించాడు. దాని ప్రకారం చిత్తమూ, ఇంద్రియసహితమైన కాయమూ పరస్పర బీజాలు. ఇది కార్యకారణ సంబంధం, రూపసామ్యం కాదు. చిత్తానికి దేహమే ఉపాదానమన్న లోకాయత పక్షాన్ని ధర్మకీర్తి ప్రమాణసిద్ధి ప్రకరణంలో సుదీర్ఘంగా ఖండించాడు. కోలర్ ద్విముఖ తత్త్వం స్పినోజా వారసత్వం. దానికి నాలందాలో బంధువులను వెదకడం వంశావళిని తప్పుగా రాయడమే.

సమగ్రమనే మాట బరువు

సమగ్రమన్న మాట నిర్దోషమైనదని భావించడం మరొక పొరపాటు. అదే కాలంలో లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ క్రూగర్ నడిపిన సమగ్రతా మనోవిజ్ఞానం వ్యక్తికి మించిన జాతిసమష్టిని కీర్తించే రాజకీయాలకు చేరువైంది. బెర్లిన్ వర్గం దారి వేరు. యూదుడైన వర్ట్‌హైమర్ 1933లో జర్మనీ విడిచాడు. యూదుడు కాని కోలర్ అదే సంవత్సరం ఏప్రిల్‌లో, యూదు ఆచార్యుల తొలగింపును విమర్శిస్తూ బెర్లిన్ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. 1935లో తన సంస్థను వదులుకొని అమెరికా వెళ్లాడు. భాగం సమగ్రంలోనే అర్థవంతమన్న ఒకే వాక్యాన్ని ఒకరు మనిషిని చూడడానికి వాడారు, మరొకరు మనిషిని మాయం చేయడానికి వాడారు. సంఘం, జాతి, సంస్కృతి వంటి సమగ్రాలు ప్రజ్ఞప్తులని చెప్పిన దర్శనాన్ని సమగ్రవాదంగా ప్రచారం చేసేవారు ఈ చరిత్రను మరువరాదు.

భిక్షువులకు ఇది గ్రంథచర్చ మాత్రమే కాదు. కసాయివాడు గోవును వధించి భాగాలుగా కూడలిలో పెట్టుకున్న ఉపమతో, దేహాన్ని ధాతువులుగా చూడమని సతిపట్ఠాన సుత్తం బోధిస్తుంది. భాగాలయ్యాక గోసంజ్ఞ తొలగి మాంససంజ్ఞ మిగులుతుందని విసుద్ధిమగ్గం వివరిస్తుంది. ఏకాకృతి బుద్ధి జోడించినదే అయితే ఈ భావన ఉన్నదానిని ఉన్నట్లు కనుగొనడం. ఆకృతి అనుభవంలో మొదటే ఉన్నదైతే ఈ భావన చూపును మరొక తీరుగా అలవరచే శిక్షణ. ఈ రెండింటిలో ఏది సరియైనదో తేలే వరకు సాధన ఆగనవసరం లేదు. ఇంద్రియ సంవర సూత్రం నిమిత్తాన్నీ, అనువ్యంజనాలనూ, అంటే మొత్తం రూపాన్నీ దాని వివరాలనూ, రెండింటినీ పట్టుకోవద్దంటుంది. అంటే సమగ్రం కంటె భాగం పవిత్రమని సూత్రం అనలేదు. దోషం చూడడంలో లేదు, పట్టుకోవడంలో ఉంది. భాగాలే సత్యమని పట్టుకోవడమూ ఒక పట్టే. గెస్టాల్ట్ వాదం సాధకునికి ఏదైనా ఉపకారం చేయగలిగితే, ఆ రెండవ పట్టును గుర్తుచేయడమే.

పురావస్తు రంగానికి ఇదే సూత్రం మరొక విధంగా వర్తిస్తుంది. పూరణ కంటికి సహజం. అరిగిన గోడను చూపు తనంతట తానే పూర్తిచేస్తుంది, చెదిరిన ఇటుకలకు తెలిసిన ఆకృతిని తొడుగుతుంది. జీర్ణోద్ధరణ ఆ చూపును అనుసరించి ఇటుకలు పేర్చినప్పుడు ఊహ సాక్ష్యంగా మారిపోతుంది. తరువాతి తరానికి రెండింటినీ వేరుచేసే దారి ఉండదు. స్వస్తిక విహారమన్న పేరు నక్షాకు చెందినదనీ, విహారాన్ని కట్టించినవారి సంకల్పమని చెప్పడానికి వేరే ఆధారం కావాలనీ సందర్శకునికి చెప్పే ఒక్క వాక్యం, పది తులనాత్మక ఉపన్యాసాల కంటె దిఙ్నాగునికి ప్రీతి కలిగిస్తుంది.

గెస్టాల్ట్ వాదానికీ బౌద్ధానికీ పోలిక వ్రాయబూనేవారు మూడు పొరలను వేరుచేసుకోవాలి. అనుభవం ఎలా ఉన్నదన్న వర్ణన ఒకటి. అక్కడ బెర్లిన్, చిత్రాద్వైతం పరస్పరం దీపం పట్టగలవు. అది ఎందుకు అలా ఉన్నదన్న వివరణ రెండవది. అక్కడ స్పినోజా వారసులూ అభిధర్మికులూ వేరువేరు దారులవారు. ఏది సత్తు అన్న నిర్ణయం మూడవది. అక్కడ ఒకే కుండను చూసి ఇరుపక్షాలూ విరుద్ధమైన తీర్పులు చెప్పాయి. మూడు పొరలనూ కలిపి ఒకే ముద్దగా అందించే రచన ధర్మానికీ మేలు చేయదు, శాస్త్రానికీ మేలు చేయదు. వాటిని విడదీసి చూపే రచన చదువరికి దిఙ్నాగుని షరతును తిరిగి అప్పగిస్తుంది: కారణమైనదేదో చూపించు, భాసిస్తున్నదేదో చూపించు, ఆ రెండూ ఒకటేనని అటుపిమ్మట నిరూపించు.